పన్నెండు కుండల తోడు

వాన కురిసి ఇరవై నాలుగు రోజులైంది. వేరుశనగకు ఊడలు దిగే కాలం. ఇప్పుడు నేలలో తడి లేకపోతే ఊడ మట్టిని పొడవలేదు. పువ్వు పువ్వుగానే రాలిపోతుంది.

హుసేనమ్మ గట్టు మీద నిలబడి ఎగువకు చూసింది. కంపలొంక ఊరి గుట్టవాలు మీద ఒకదాని పైన ఒకటిగా పదకొండు చేలు. గరుసు నేల. ఒక్క బోరు కూడా లేదు. ఇన్ని రోజుల ఎండకు ఆ చేలు ఈపాటికి పడిపోయి ఉండాలి. పడిపోలేదు. పలచటి పచ్చదనంతో, ఓపిక పట్టినట్టు నిలబడి ఉన్నాయి.

తర్వాత తన చేను చూసుకుంది. అన్నిటికంటే దిగువన, కుంట పక్కన మూడెకరాలు. కుంట ఊట తగిలే నేల కాబట్టి కౌలుకు తీసుకున్న నాలుగేళ్ళలో అది ఎన్నడూ వాడలేదు. బస్సు రోడ్డు నుంచి చూస్తే ఆ ఒక్క చేనే నల్లటి పచ్చగా కనిపించేది. ఇప్పుడు అది కూడా పై చేల రంగులోకి వచ్చేసింది.

"ఎగువోల్ల చేన్లు నిలబడినాయి, మనది వాడతాంది," అన్నాడు ఆమె భర్త దస్తగిరి, ఒక ఆకు తుంచి చూస్తూ. "నీల్లు పల్లమెరుగు అంటారు. ఈ పొద్దు మిట్టెక్కి పోతాండాయేమో."

వేళాకోళానికే అన్నాడు. హుసేనమ్మ నవ్వలేదు.

"కుసుమ టీచరు కోతలకు వస్తానన్యాది," అంది.

"వస్తాది. చూస్తాది. చీనీతోట పెట్టేటోనికి ఇస్తాది. అంతే గదా."

ఆ భూమి ధర్మవరంలో లెక్కలు చెప్పే కుసుమ టీచరుది. హుసేనమ్మ చేసే మందులు లేని సేద్యం మీద టీచరుకు నమ్మకమూ లేదు, కోపమూ లేదు. "ఈ ఒక్క పంట చూస్తాను హుసేనమ్మా," అంది నిరుడు. "నిండుగా పండిస్తే భూమి నీ దగ్గరే ఉంటుంది. లేదంటే చీనీ బత్తాయి చెట్లు పెడతానని ఒకాయన తిరుగుతున్నాడు, ఆయనకిస్తాను."

భూమి పోతే తిండిగింజలు మాత్రమే పోవు. హుసేనమ్మ ఆ చేలోనే బడి నడిపేది. ప్రతి బుధవారం పదకొండు మంది ఆడవాళ్ళు ఆ గట్టు మీద కూర్చుని పేడ, మూత్రం, బెల్లం ఎట్లా కలపాలో, వేపకషాయం ఎప్పుడు కొట్టాలో, నేలను బట్ట కప్పినట్టు ఎందుకు కప్పి ఉంచాలో నేర్చుకునేవారు. గుట్ట మీది చేలదాకా ఏ వ్యవసాయాధికారి జీపూ ఎక్కి రాలేదు. చేను లేని పంతులమ్మ చెబితే ఎవరు వింటారు?

ఆ పూట పట్నం ప్రయోగశాల నుంచి హైమావతి మేడం వచ్చింది. పన్నెండు చేలలోనూ వేళ్ళతో సహా మట్టి తీసుకుని పొట్లాలు కట్టింది. వెళ్ళేముందు హుసేనమ్మ చేను అడుగున, కుంట గట్టు దగ్గర చిన్న గుంత తీసి, సీసాలోంచి బట్టలకు పెట్టే నీలిమందు లాంటి రంగునీళ్ళు పోసింది.

"అదేంది మేడం?"

"ఒక అనుమానం. రెండు రోజుల్లో చెబుతాను," అంది హైమావతి. ఆమె ముఖంలో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

*

జూన్ నెలలో ఈ హైమావతి మేడమే పన్నెండు కుండలు జీపులో వేసుకుని వచ్చింది. రాతిబండల సందుల్లో చుక్క నీరు లేకుండా బతికే గడ్డి వేళ్ళకు పట్టిన తెల్లటి బూజును ఆమె ఏడేళ్ళు పెంచింది. అది దారాలు దారాలుగా సాగి ఒక మొక్క వేరును ఇంకో మొక్క వేరుతో ముడివేస్తుంది. ఒక చేనిలో ఏ మూల తడి ఉన్నా ఆ దారాల వెంట చేనంతా అందుతుంది. మంచి ఎర్రమట్టి కూడా లేని రైతుల నేలలో దాన్ని పరీక్షించాలని పట్టుబట్టి, ఈ వాలును ఎంచుకుంది.

కుండకొక రంగు పట్టీ, కుండకొక వేరే తల్లిబూజు. "ఒక తల్లి పిల్లలు ఎక్కడ కలిసినా ముడిపడతాయి. వేరే తల్లి పిల్లలైతే గట్టు దగ్గరే ఆగిపోతాయి," అని హుసేనమ్మకు చెప్పి, ఒక కాగితం చేతిలో పెట్టింది. ఒక కుండలోది ఇంకో కుండలో కలపరాదని అందులో పెద్ద అక్షరాలతో ఉంది.

పదకొండు మందిలో చదువు వచ్చినవాళ్ళు ఇద్దరు. హుసేనమ్మ కాగితం మడిచి రవికలో దోపుకుని, తనకు తెలిసిన పద్ధతిలో పాఠం చెప్పింది.

"ఇది తోడు అనుకోండి మా. రాగి అంబట్లో గరిటెడు ఏసి, మూతపెట్టి, కదపకుండా పెట్టల్ల. పాలు తోడేస్తాము చూడు, అట్లనే. తెల్లారేటికి గట్టిగా అవుతాది. దాన్ని నీల్లలో కలిపి చల్లల్ల."

"మా ఇంటాయన అంబలి అనుకోని తాగితే?" అంది ఓబుళమ్మ. హుసేనమ్మ చేనికి ఆనుకుని పై చేను ఆమెది. నోరు ఊరుకోదు.

"తాగనీ. ఏర్లు పుట్టి ఇంటిపట్టునే ఉంటాడు."

అందరికంటే పెద్దది సాకమ్మ. గుట్ట నెత్తిన ఆఖరి చేను ఆమెది. తొమ్మిదేళ్ళుగా అందులో విత్తనం కూడా తిరిగి రాలేదు. మనిషి ఒంటరిది. ఆమె నవ్వకుండా కుండ మూత తీసి వాసన చూసింది. "పుల్లగా ఉండాది. మంచి తోడే," అంది.

తోడు అన్న మాట ఊళ్ళో నిలిచిపోయింది. హైమావతికి కూడా నచ్చి తన కాగితాల్లో అదే పేరు రాసుకుంది.

కుండలు వచ్చిన మూడో వారం ఎండలు మండిపోయాయి. ఒక సాయంత్రం ఎనిమిది మంది వరసగా హుసేనమ్మ వాకిట్లోకి వచ్చారు. చేతుల్లో గిన్నెలున్నాయి.

"మాది చెడిపోయింది మా," అంది సాకమ్మ అందరి తరఫునా. "పురుగు పట్టింది. రోంత తోడు పెట్టు. పొద్దు గూకక ముందే వచ్చినాము."

దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదు. ఆ లోపల అడిగితే లేదనకూడదు. హుసేనమ్మ పుట్టినప్పటి నుంచీ ఎరిగిన సంగతి అది. కాగితం సంగతి కూడా ఆమెకు గుర్తుంది.

"మేడంకు చెప్పి కొత్తవి తెప్పిస్తా."

"చెప్తే లిస్టులోంచి కొట్టేస్తారు," అంది ఓబుళమ్మ. "ఒకసారి పేరు కొట్టేస్తే మల్ల ఎవురన్నా వచ్చి అడిగినారా మనల్ని, ఎప్పుడైనా?"

అది అబద్ధం కాదు. హుసేనమ్మ తన కుండ మూత తీసి ఎనిమిది గిన్నెల్లో వేసింది. ఆఫీసు వాళ్ళ కట్టుబాట్లు ఇట్లాంటివి చాలా ఉంటాయి, దీనివల్ల మునిగిపోయేదేముంది అనుకుంది. హుసేనమ్మ కుండలోది గడ్డపెరుగులా తోడుకుంటుందని తెలిసి, మిగిలిన ముగ్గురూ బాగున్నవాటిని పారబోసి మరీ గిన్నెలు పట్టుకొచ్చారు.

*

ప్రయోగశాలలో ఏ బూజు ఏ తల్లిదో తేల్చే పరీక్షలో, పన్నెండు చేల నమూనాలకు పన్నెండు వరుసల్లో పన్నెండు రకాల గీతలు రావాలి. ఒక్కటే వచ్చింది. పన్నెండు వరుసల్లోనూ గీతలు ఒకే ఎత్తున, చీర అంచు మీది గళ్ళలా సమంగా నిలబడ్డాయి.

నమూనాలు కలిసిపోయాయేమోనని హైమావతి మళ్ళీ మొదటి నుంచి చేసింది. మళ్ళీ అదే. ఏడేళ్ళ పని. పై కమిటీకి నివేదిక పంపడానికి ఇంకా నెల కూడా లేదు. ఎవరు కలిపారు, ఎందుకు కలిపారు, ఎట్లా కలిపారు? బల్ల ముందు కూర్చుని ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఇంటికి వెళ్ళి పాలు కాచి దించుతుంటే పక్కింటావిడ స్టీలు గిన్నెతో వచ్చింది. "కాస్త తోడుంటే పెడతారా? మాది పులిసి జిగురొచ్చేసింది. మీ ఇంట్లో పెరుగు గట్టిగా ఉంటుంది. ఇంకా దీపం పెట్టలేదు కదా?"

హైమావతి చెంచాతో పెరుగు తీసి గిన్నెలో వేసింది. చెంచా చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదు," అంది. "నాకు ఒక సంగతి ఇప్పుడు అర్థమైంది."

*

రంగునీళ్ళు పోసిన రెండోరోజు పొద్దున హైమావతి, హుసేనమ్మ గుట్ట నెత్తిన సాకమ్మ చేనిలో ఉన్నారు. సాకమ్మ మేకలు తోలుకుని గుట్ట పక్కనున్న లోతట్టు లొంకలోకి పోయింది. హైమావతి ఒక మొక్కను వేరు తెగకుండా పెకలించి, సీసాలో నీళ్ళతో మట్టి కడిగింది. వేళ్ళకు చుట్టుకున్న తెల్లటి దారాల్లో నీలం రంగు ఉంది.

హుసేనమ్మ వంగి చూసింది. తర్వాత దూరంగా, దిగువన ఉన్న తన చేను వైపు చూసింది.

"నేను మీ చేను అడుగున పోశాను," అంది హైమావతి. "పదకొండు గట్లు దాటి ఇక్కడిదాకా వచ్చింది. పన్నెండు చేలూ ఇప్పుడు ఒకటే చేను. తడి ఎక్కడుంటే అక్కడి నుంచి తీసుకుని, లేనిచోటికి పంపుతోంది. తడి ఉన్నది మీ ఒక్కరిదే."

హుసేనమ్మ కింద కూర్చుంది. "నేనే ఇచ్చినా మేడం. నా కుండలోదే అందరికీ."

"తెలిసింది."

"తోడు అని చెప్పింది కూడా నేనే. కాగితంలో ఉండేది చదివి చెప్పింటే..."

హైమావతి ఆమెను తిట్టాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. తిట్టలేదు. కడిగిన మొక్కను మళ్ళీ నాటింది.

"మీ భూమి సంగతి నాకు తెలుసు. అందుకే ముందు మీకు చెబుతున్నాను. మీ చేనికి పైచేలతో కలిసేది ఓబుళమ్మ గట్టు ఒక్కటే. మిగతా మూడు వైపులా కుంట, రోడ్డు, లొంక. ఆ గట్టు పొడుగునా మోకాటి లోతు కందకం తీయండి. దారాలు తెగిపోతాయి. నాలుగు రోజుల్లో మీ చేను కోలుకుంటుంది. ఊడలు దిగడానికి ఇంకా వ్యవధి ఉంది."

"వీల్లవి?"

హైమావతి ఆ చేలన్నిటినీ చూసింది. "ఈ ఎండకు మామూలుగా ఏమవ్వాలో అదే అవుతుంది."

"కందకం తీయకుంటే?"

"ఎవరిదీ చావదు. ఎవరిదీ నిండదు. మీకు సగం పంట రావచ్చు."

హుసేనమ్మ కొంగు దులుపుకుని లేచింది. దిగేటప్పుడు, "వీల్లకు చెప్పల్లనా?" అని మాత్రం అడిగింది.

"అది మీరే ఆలోచించుకోండి," అంది హైమావతి. అన్నాక, అది సరైన జవాబు కాదని ఆమెకే అనిపించింది. కానీ జీపు ఎక్కేసింది.

*

కందకం సంగతి విన్నాక దస్తగిరి ఇంకొక ప్రశ్న వేయలేదు. గడ్డపార, పార భుజాన వేసుకుని బయలుదేరాడు. హుసేనమ్మ బుట్ట పట్టుకుని వెనకే నడిచింది. ఓబుళమ్మ పెళ్ళికని చెల్లెలి ఊరికి పోయి ఉంది. అడిగేవాళ్ళు లేరు.

తొలి పొడుపుకే మట్టి పగిలి దారాలు బయటపడ్డాయి. గోడకు పట్టిన సాలెగూడు మందంలో, అరచేతి వెడల్పున పాయలు పాయలుగా ఉన్నాయి. పార వేటుకు తెగినప్పుడు చప్పుడేమీ లేదు. కానీ కాసేపటికి, తమ చేని వైపు తెగిన కొసల నుంచి ఒక్కొక్కటిగా నీటిచుక్కలు దిగసాగాయి. మధ్యాహ్నానికి కందకం అడుగున అరచెయ్యి మునిగేంత నీరు చేరింది.

"చూసినావా," అన్నాడు దస్తగిరి, ఆ నీళ్ళు దోసిట పట్టి. "ఇవి మన నీల్లు. నెల దినాల నుంచి ఎవురికి పోసినామో."

రెండు పూటల్లో పని అయింది. మూడోరోజుకు హుసేనమ్మ చేను తేరుకుంది. ఆకు నల్లబడింది. దుబ్బుల మొదట్లో ఎర్రటి ఊడలు నేలను వెతుక్కుంటూ దిగుతున్నాయి. వాటిని చూసి ఆమెకు కడుపు నిండింది. ఆ వెంటనే సిగ్గేసింది. పైకి తల ఎత్తి చూడలేదు.

మర్నాడు బుధవారం. చెల్లెలి ఊరి నుంచి తిరిగొచ్చిన ఓబుళమ్మతో సహా ఆడవాళ్ళు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. కందకాన్ని అందరూ చూశారు. వాన నీళ్ళు పట్టడానికనుకున్నారేమో, ఎవరూ అడగలేదు. అందరికంటే ఆఖరున సాకమ్మ వచ్చింది. కొంగులో చుట్టి తెచ్చిన మొక్కను హుసేనమ్మ ముందు పెట్టింది. మిట్టమధ్యాహ్నం కాకముందే ఆకులు ముడుచుకుని, కాడ తోలులా వంగిపోయి ఉంది.

"ఇదేం తెగులు మా?" అంది. "మొన్నటిదాకా బాగుండె. నాలుగు సాళ్ళు పండుకున్నాయి. ఏం కషాయం కొట్టల్లో చెప్పు."

పదకొండు మంది హుసేనమ్మ ముఖం చూస్తున్నారు. నాలుగేళ్ళుగా వాళ్ళు ఏ ఆకు తెచ్చినా ఆమె దగ్గర జవాబు ఉండేది. పేనుబంక అయితే ఒక మాట, ఆకుమచ్చ అయితే ఒక మాట. ఆమె మొక్కను చేతిలోకి తీసుకుంది. వేళ్ళ దారాలు ఎండి బూడిదరంగుకు తిరిగాయి.

వేపకషాయం కొట్టమని చెప్పవచ్చు. కొడతారు. నమ్మి, కొట్టి, చేను పోయాక తమ రాత అనుకుంటారు.

"తెగులు కాదవ్వా," అంది. "నేను కోసినా."

అంతా చెప్పింది. నీలిరంగు, కందకం, టీచరు భూమి, అన్నీ. చెబుతున్నంతసేపూ మొక్క చేతిలోనే ఉంది. 

ఓబుళమ్మ లేచింది. "నా గట్టు తవ్వేకి నేను ఊర్లో లేని పొద్దు చూసుకున్నావు."

"అవును."

"సగం చేసుకొని సద్దుకుందామని ఒక మాట అడిగింటే మేము కాదంటిమా?"

"అడిగింటే మీరు తవ్వమంటారని భయపడినా. తవ్వొద్దంటారని కూడా భయపడినా."

"శానా తెలివి," అంది ఓబుళమ్మ. కానీ ఆమె గొంతులో పదును పోయింది. కూర్చుంది.

"ఆమె చేను ఆమె కాపాడుకునింది. తప్పేముంది?" అంది ఇంకొకామె. "మన చేన్లు ఎప్పుడు పండినాయి గనక. ఈ సారీ పోతాయి."

"పోయేవి పోతే ఏడుపు రాదు. నిలబడి పోతే వస్తాది," అంది మరొకామె.

సాకమ్మ ఇవేవీ విన్నట్టు లేదు. హుసేనమ్మ చేతిలోంచి మొక్క తీసుకుని మళ్ళీ కొంగులో చుట్టుకుంది.

"ఉప్పు ఇస్తే మల్ల ఉప్పు ఇస్తాము," అంది. "పిండి ఇస్తే పిండి. తోడు ఇచ్చి మల్ల ఎనక్కి తీసుకునేది నా ఎనబై ఏండ్లలో నేను చూడలే."

గుట్ట వైపు నడిచి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఒకరొకరుగా అందరూ లేచారు.

హుసేనమ్మ ఒంటరిగా కూర్చుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. లేచి, పార తీసుకుని కందకం ఈ చివర నుంచి పూడ్చడం మొదలుపెట్టింది. దస్తగిరి సద్ది తెచ్చేసరికి ఇరవై అడుగులు పూడిపోయింది. అతను గిన్నె కింద పెట్టి ఆమె చేయి పట్టుకున్నాడు.

"చేను పోతాది."

"తెలుసు."

"బడి పోతాది. ఆ చేను చూసి గదా నీ మాట ఇంటాండేది వాల్లు?"

"చేను నిలబడి మాట పోయినాక, బడి ఎవురికి చెప్పల్ల?"

అతను చేయి వదిలాడు. పైకీ కిందికీ చూశాడు. ఏదో తిట్టు నోట్లోనే నమిలి, రెండో చివరకు పోయి కాలితో మట్టి నెట్టసాగాడు. సాయంత్రానికి కందకమంతా పూడిపోయింది.

దారాలు మళ్ళీ ముడిపడడానికి ఐదు రోజులు పట్టింది. సాకమ్మ చేనిలో పండుకున్న నాలుగు సాళ్ళు లేవలేదు. మిగతావి లేచాయి. వాన పదమూడు రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి ఊడల కాలం దాటింది.

*

కోతల నాడు కుసుమ టీచరు బస్సు దిగి రోడ్డు మీదే నిలబడింది. గొడుగు మడిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. గుట్ట నెత్తి నుంచి కుంట దాకా ఒకే రంగు. గట్లు ఉన్నాయి కానీ వాటికి అటూ ఇటూ తేడా లేదు.

"ఇందులో నా చేను ఏది?" అంది.

హుసేనమ్మ చూపించింది. టీచరు చేనిలోకి దిగి, తనే ఒంగి మూడు చోట్ల మూడు దుబ్బులు పీకింది. కాయలు లెక్కపెట్టింది. తొమ్మిది, పది, తొమ్మిది. నిరుడు ఇరవైకి తగ్గలేదు.

తర్వాత, అడగకుండానే వాలు ఎక్కింది. రెండుసార్లు ఆగి ఆయాసపడింది. సాకమ్మ చేనిలో ఒక దుబ్బు పీకింది. ఎనిమిది. నేల వైపు చూసింది. గులకరాళ్ళు తప్ప మట్టి లేదు.

"ఇక్కడ కూడానా," అంది తనలో తాను.

హుసేనమ్మ జరిగింది చెప్పింది. టీచరు లెక్క వింటున్నట్టు, మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"నువ్వు మంచి పనే చేశావు," అంది చివరికి. "నేను కాదనను. కానీ ఒకటి చెప్పు. ఆ నీళ్ళు నీవా?"

హుసేనమ్మ తల ఎత్తింది.

"కౌలుకు తీసుకున్నది నువ్వు. చేను నాది. కందకం తీసేముందు వీళ్ళకు చెప్పలేదని బాధపడ్డావు. పూడ్చేముందు నాకు చెప్పాలని ఒక్కసారైనా తోచిందా?"

తోచలేదు. ఇన్ని రోజుల్లో, ఇంత ఆలోచించినా, అది ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. "లేదు టీచరమ్మా," అంది.

"వచ్చే మార్చిలో రిటైరవుతాను. ఇంట్లో ఆయన మంచం మీద ఉన్నారు. సగం పంట మీద ఆధారపడి నేను ఉండలేను. చీనీ ఆయనకు మాట ఇచ్చేశాను." గొడుగు విప్పింది. "బస్సు వచ్చేదాకా కూర్చోవచ్చా?"

హుసేనమ్మ గట్టు మీద కొంగుతో దుమ్ము దులిపింది. పచ్చికాయలు నాలుగు వలిచి ఇచ్చింది. టీచరు తిని, "తియ్యగా ఉన్నాయి," అంది. 

హైమావతి తన నివేదికలో, పన్నెండు ప్రయోగాలు చేయబోయి ఒక్కటే చేశామని రాసింది. తప్పు ఎవరిదన్న చోట, మేమిచ్చిన కాగితం వాళ్ళకు పనికొచ్చే భాషలో లేదని రాసింది. కమిటీ నుంచి ఇంకా జవాబు రాలేదు.

*

భూమి అప్పగించే రోజు హుసేనమ్మ తన కుండలో మిగిలిన తోడు మొత్తం ఆ చేనిలోనే పోసేసింది. ఆ నేలది ఆ నేలకే. చీనీ ఆయన మనుషులు అప్పటికే ఓబుళమ్మ గట్టు పొడుగునా తాడు పట్టి, యంత్రంతో కాలువ తీయడానికి ముగ్గు వేస్తున్నారు.

నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంది. ఐదోరోజు సాయంత్రం ఒక గిన్నె కడిగి, బోర్లించి, మళ్ళీ తీసుకుని గుట్ట ఎక్కింది.

ఆ బుధవారం తర్వాత సాకమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఎదురైనా మేకల్ని అదిలిస్తూ పోయేది. ఇప్పుడు గుడిసె ముందు కూర్చుని కాయలు ఒలుస్తోంది. హుసేనమ్మ వచ్చి నిలబడిందని తెలిసి కూడా చేతిలోని చేటెడూ అయ్యేదాకా తల ఎత్తలేదు.

"ఏం కావల్ల?"

"రోంత తోడు పెట్టవ్వా."

"నీకు చేను యాడుండాది, చల్లేకి?"

"ల్యా. నీ చేన్లో పనికి వస్తా. నాలుగు సాళ్ళు నా వల్ల పోయినాయి. బడి కూడా ఈడనే పెట్టుకుందామంటే... నువ్వు ఒప్పుకుంటే."

సాకమ్మ పడమటి వైపు చూసింది. "పొద్దు గూకిందా?"

"ఇంకా ల్యా."

"అయితే ల్యాదనేకి నాకు హక్కు ల్యా," అంది సాకమ్మ. చేట పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచింది. లోపలి నుంచి కుండ తెచ్చి గరిటెడు వేసింది. గడ్డగా, తెల్లగా, గిన్నె అడుగున కదలకుండా కూర్చుంది. ఇంకో గరిటె వేసింది. "నీది పారబోసినావంట. పెద్ద మనిషివి."

హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడ్సద్దు, దాంట్లో పడతాది. చెడిపోతాది." సాకమ్మ కుండ మీద మూత పెట్టి, కొండ దిగువకు చేయి చూపింది. "వాల్లు కాలవ తీస్తాండారు. ఇంగ ఆ చేని నుంచి మనకు సుక్క రాదు. నేను చూస్తానే ఉండా. కుంట వాల్లది కాదు గదా?"

"కాదవ్వా. ఊరిది."

"ఓబుళమ్మ చేని మూల నుంచి లొంక పక్కన పోరంబోకు గట్టు ఉండాది. నేను మొన్న నడిచినా. కుంట కట్టకు నలబై అంగలు. దానెమ్మటి ఆముదాలు ఏస్తే, ఆ ఏర్లు పట్టుకొని పోతాదా ఇది, కుంట కాడికి?"

హుసేనమ్మ ఏడుపు మరిచిపోయింది. లొంక వైపు చూసింది. పోరంబోకు గట్టు సన్నగా, ఎర్రగా, ఎవరిదీ కాకుండా కుంట కట్ట దాకా వంపు తిరిగి ఉంది.

"పోతాదవ్వా. పంచాయితీలో అడిగి ఏద్దాం. అందరికీ చెప్పి."

"చెప్పు. ఈసారి ముందే చెప్పు," అంది సాకమ్మ. "రోజుకు ఎంత దూరం పోతాదిది?"

"జానెడు."

సాకమ్మ వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. రెండుసార్లు తప్పి, మొదటి నుంచి లెక్కపెట్టుకుంది. తొలకరికి కుంట తగలాలంటే ఎన్ని దినాలో ఆమెకు తేలింది.

"అట్లయితే ఆముదాలు ఈ వారమే ఏయల్ల," అంది.